ఉచిత క్రిప్టో ధరల చరిత్ర: బ్యాక్‌టెస్ట్‌కు పనికొచ్చేలా సేకరించుకోవడంలో నా అనుభవం

బైనాన్స్ ఎక్స్ఛేంజ్ స్పాట్ మార్కెట్లో (అప్పటికప్పుడే కొనే, అమ్మే చోటు) బీటీసీ-యూఎస్‌డీటీ జతకు, అంటే డాలర్‌కు కట్టిన యూఎస్‌డీటీ నాణెంలో బిట్‌కాయిన్ ధరకు, మొట్టమొదటి నిమిషం క్యాండిల్ (ఆ నిమిషపు మొదటి, గరిష్ఠ, కనిష్ఠ, చివరి ధరల వరుస) 2017 ఆగస్టు 17న, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 4:00కి మొదలవుతుంది. మన గడియారంలో అది ఉదయం 9:30. ఓపెన్ ధర 4261.48. బైనాన్స్ డేటా అని ఎవరు ఏ ఫైలు ఇచ్చినా నేను ముందు వెతికేది ఈ వరుస కోసమే. ఫైలు 2017 జనవరి నుంచి మొదలైతే, మొదటి ఏడు నెలలు ఇంకో ఎక్స్ఛేంజ్ నుంచి తెచ్చి అతికించారన్నమాట. ఓపెన్ సరిపోయి సమయం 9:30 అని ఉంటే, తయారు చేసినవాళ్లు భారత కాలమానానికి మార్చి ఆ సంగతి ఎక్కడా రాయలేదన్నమాట. ఒక్క వరుసతో ఫైలు జాతకం సగం తెలిసిపోతుంది.

క్రిప్టో ధరల చరిత్ర ఉచితంగా దొరకడం కష్టమేమీ కాదు. నిఫ్టీ ఆప్షన్ల నిమిషం డేటా కోసం డబ్బు పెట్టి అలవాటైనవాళ్లకు ఇక్కడి ధారాళం చూస్తే ఆశ్చర్యమే. ఎక్స్ఛేంజ్‌లే తమ లావాదేవీల చరిత్రను బయట పెడతాయి. ఎక్కువ సమయం తినేది డౌన్‌లోడ్ కాదు, వచ్చినదాన్ని సరిచూసి, బ్యాక్‌టెస్ట్ చేసే (అంటే పాత ధరల మీద వ్యూహాన్ని నడిపి పరీక్షించే) ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ నమ్మదగ్గ రూపంలోకి తేవడం.

ముందు తేల్చుకోవలసింది, సాఫ్ట్‌వేర్ ఏ ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్లు పెట్టబోతోంది అన్నది. చరిత్ర కూడా అక్కడిదే కావాలి. ఈ విషయంలో నేను రాజీ పడను. కాయిన్‌గెకో, కాయిన్‌మార్కెట్‌క్యాప్ సైట్లు చూపే ధర చాలా ఎక్స్ఛేంజ్‌ల ధరలు కలిపి తీసిన సగటు. ఆ ధరకు మీకు అమ్మేవాడు ఎవడూ ఉండడు. పైగా సగటులో ఒక్కో ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన పొడవాటి వత్తులు (క్యాండిల్ నుంచి పైకీ కిందకీ చాచే సన్నని గీతలు) నున్నగా అరిగిపోతాయి. స్టాప్‌లాస్ (నష్టం ఇంత దాటితే అమ్మేయమని ముందే పెట్టిన ఆర్డర్) తగిలిందా లేదా అన్నది తేల్చేది ఆ వత్తులే. యాహూ ఫైనాన్స్‌లో బిట్‌కాయిన్-డాలర్ రోజువారీ ధర 2014 సెప్టెంబర్ 17 నుంచి ఉంది. అదీ సగటు ధరే. పదేళ్ల చార్టు గీయడానికి, ఆస్తి విలువ కట్టడానికి హాయిగా సరిపోతుంది, అంతవరకే. కాయిన్‌గెకో ఉచిత డెమో కీతో వెనక్కి 365 రోజులే వెళ్లగలం. 30 రోజులు దాటిన వ్యవధి అడిగితే క్యాండిల్ నాలుగు రోజులకొకటి వస్తుంది. ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌కు అది దండగ.

ఇక బైనాన్స్ విషయం. డేటా డాట్ బైనాన్స్ డాట్ విజన్ అనే చిరునామాలో చరిత్రంతా జిప్ ఫైళ్లుగా ఉంది. ఖాతా అక్కర్లేదు, ఏపీఐ (ప్రోగ్రామ్ నేరుగా డేటా అడిగే దారి) కీ అక్కర్లేదు. లోపల ముందు స్పాట్, ఫ్యూచర్స్ అని విడిపోతుంది. ఫ్యూచర్స్‌లో యూఎమ్ అంటే యూఎస్‌డీటీ వంటి డాలర్ నాణేలతో తీరేవి, సీఎమ్ అంటే నాణెంతోనే తీరేవి. తర్వాత డైలీ, మంత్లీ. వాటి కింద క్లైన్స్, ట్రేడ్స్, ఎగ్‌ట్రేడ్స్. క్లైన్స్ అంటే మన క్యాండిల్సే, ట్రేడ్స్ అంటే విడి లావాదేవీలు, ఎగ్‌ట్రేడ్స్ అంటే వాటిని గుంపులుగా కలిపినవి. జత పేరు, వ్యవధి ఎంచుకుంటే నెలకొక ఫైలు. బీటీసీ-యూఎస్‌డీటీ నిమిషం డేటా 2017 ఆగస్టు నుంచి 2024 డిసెంబర్ దాకా 89 నెలవారీ ఫైళ్లు. 31 రోజుల నెల ఫైలు విప్పితే 44,640 వరుసలు, ఐదారు మెగాబైట్లు. మామూలు ఇంటర్నెట్‌తో కూడా అంతా కొద్ది నిమిషాల పని.

వ్యవధి పేర్లలో ఒక జాగ్రత్త. ఏపీఐలో చిన్న 'ఎమ్' రాస్తే నిమిషం, పెద్ద 'ఎమ్' రాస్తే నెల. విండోస్ ఫైలు పేర్లలో చిన్న పెద్ద అక్షరాల తేడా పట్టించుకోదు కాబట్టి, ఏపీఐ నుంచి తెచ్చి ఆ పేర్లతోనే దాచుకుంటే ఒకటి ఇంకోదాని మీద పడి చెరిపేస్తుంది. ఆర్కైవ్‌లో నెల క్యాండిల్‌కు 'ఎమ్‌ఓ' అని విడిగా పేరు పెట్టింది అందుకే.

ఒక్కో వరుసలో 12 కాలమ్‌లు: మొదలైన సమయం, ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్, ముగిసిన సమయం, యూఎస్‌డీటీలో వాల్యూమ్, లావాదేవీల సంఖ్య, టేకర్ కొనుగోలు వాల్యూమ్, అదే యూఎస్‌డీటీలో, చివర పనికిరాని కాలమ్ ఒకటి. చాలామంది మొదటి ఆరు ఉంచుకుని మిగతావి పారేస్తారు. టేకర్ కొనుగోలు అంటే ఎదురుగా ఉన్న అమ్మకం ఆర్డర్‌ను వెంటనే అందుకుని కొన్నది. ఆ కాలమ్‌ను మాత్రం పారేయకండి. మొత్తం వాల్యూమ్‌లోంచి దాన్ని తీసేస్తే, అమ్మేవాళ్లు ఎగబడి చేసిన వాల్యూమ్ ఎంతో వస్తుంది. క్యాండిల్ ఫైల్లో ఈ సమాచారం ఉచితంగా ఇచ్చే ఎక్స్ఛేంజ్‌లు అరుదు.

స్పాట్ ఫైళ్లలో కాలమ్ పేర్ల వరుస ఉండదు. ఫ్యూచర్స్ ఫైళ్లలో కొన్నిటికి ఉంటుంది, పాతవాటికి ఉండదు. అన్నిటినీ ఒకే కొలతతో చదివితే, పేర్లు లేవనుకుని చదివిన చోట "ఓపెన్" అనే అక్షరాలు ధర కాలమ్‌లోకి వచ్చి కాలమ్ మొత్తం పాఠ్యంగా మారిపోతుంది. పేర్లున్నాయనుకుని చదివిన చోట నెలలో మొదటి నిమిషం మాయమవుతుంది. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే ఏ ఎర్రరూ రాదు. మొదటి గడిలో ఉన్నది అంకేనా అని ఫైలు ఫైలుకూ చూసే రెండు పంక్తుల కోడ్ చాలు.

టైమ్‌స్టాంప్‌లో ఇంకో ముడి ఉంది. 2024 చివరిదాకా స్పాట్ ఫైళ్లలో సమయం (1970 మొదలు నుంచి లెక్క) మిల్లీసెకన్లలో, 13 అంకెలు. 2025 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలో, 16 అంకెలు. పాత కోడ్‌తో కొత్త ఫైలు చదివితే తేదీ 56,900లు దాటిన ఏదో సంవత్సరానికి పోతుంది. పైథాన్ లైబ్రరీ పాండాస్ అయితే హద్దు దాటిందని మొరాయిస్తుంది, అది మంచిదే. సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు మొరాయించకుండా 2024 డిసెంబర్‌తోనే చరిత్ర అయిపోయిందన్నట్టు నడిచిపోతుంది. విలువ 1 పక్కన 14 సున్నాల కన్నా పెద్దదైతే 1000తో భాగించమని రాసుకుంటే రెండు రకాలూ ఒకే కోడ్‌లో ఇముడుతాయి. యూఎమ్ ఫ్యూచర్స్ ఫైళ్లకు ఈ మార్పు వర్తింపజేయకండి. అవి మిల్లీసెకన్లలోనే ఉన్నాయి.

ప్రతి జిప్ పక్కన చెక్‌సమ్ ఫైలు (దించినది చెడిపోలేదని సరిచూసే సంకేతం) ఉంటుంది. అది షా-256. లైనక్స్‌లో ఆ పేరుతోనే కమాండ్ ఉంది, విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆ పని చేస్తుంది. అది సరిపోకపోతే ఫైలు విప్పనే వద్దు. అడిగిన నెలకు ఫైలు లేకపోతే సర్వర్ ఇచ్చే 404 సందేశాన్ని కూడా కొన్ని స్క్రిప్టులు జిప్ పేరుతో దాచేస్తాయి. కొన్ని వందల బైట్ల జిప్ కనిపిస్తే అది అదే. నెలవారీ ఫైలు తర్వాతి నెల మొదటి సోమవారం వస్తుంది. అప్పటిదాకా రోజువారీ ఫైళ్లు, ఇవాళ్టి భాగానికి ఏపీఐ.

ఏపీఐతోనే మొత్తం లాగేయొచ్చు కదా అని అడుగుతారు. లాగొచ్చు. బైనాన్స్ ఒక్కో అభ్యర్థనకు గరిష్ఠంగా 1000 క్యాండిల్స్ ఇస్తుంది. ఏడాదికి 5,25,600 నిమిషాలు కాబట్టి 526 అభ్యర్థనలు. ఒక జతకైతే పర్వాలేదు. మూడు వందల జతలకైతే మధ్యలో 429 కోడ్ వస్తుంది. అది రాగానే ఆగి, ఎంతసేపు ఆగమని జవాబులో చెప్పిందో అంతసేపు వేచి ఉండాలి. ఆగకుండా అడుగుతూ పోతే 418 వచ్చి మీ ఐపీని కొంతకాలం పక్కన పెడతారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు 418 కన్నా ముందే 451 వస్తుంది. ఆ దేశపు ఐపీలకు బైనాన్స్ ప్రధాన ఏపీఐ తెరుచుకోదు. గూగుల్ కోలాబ్‌లో స్క్రిప్టు నడిపే హైదరాబాద్ విద్యార్థికి కూడా ఇదే వస్తుంది, ఎందుకంటే కోలాబ్ యంత్రం చాలాసార్లు అమెరికాలోనే ఉంటుంది. పబ్లిక్ మార్కెట్ డేటాకు మాత్రమే వేరే చిరునామా ఉందని బైనాన్స్ పత్రాల్లోనే రాసి ఉంది: డేటా-ఏపీఐ డాట్ బైనాన్స్ డాట్ విజన్.

ఇండియా వైపు అడ్డంకి వేరు. 2023 డిసెంబర్‌లో ఆర్థిక నిఘా విభాగం తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు నోటీసులిచ్చి, వాటి యూఆర్‌ఎల్‌లు ఆపమని ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖను కోరింది. బైనాన్స్, క్రాకెన్, బిట్‌స్టాంప్, బిట్‌ఫినెక్స్, కుకాయిన్ ఆ జాబితాలోవే. బైనాన్స్, కుకాయిన్ 2024లో నమోదు చేసుకుని తిరిగొచ్చాయి. ఇలాంటప్పుడు నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టు టైమౌట్ అయితే కోడ్‌ను తిరగదోడనక్కర్లేదు, అడ్డు నెట్‌వర్క్ దగ్గర ఉంది. చరిత్ర మొత్తం డిస్కులో ఉంచుకోవాలనడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మిగతా ఎక్స్ఛేంజ్‌ల పద్ధతులు ఒక్కొక్కటీ ఒక్కో తీరు. క్రాకెన్ క్యాండిల్ ఏపీఐ ఎప్పుడు అడిగినా చివరి 720 క్యాండిల్సే ఇస్తుంది. నిమిషం డేటాలో అది 12 గంటలు. ఎంత వెనకటి తేదీ ఇచ్చినా మారదు. చాలామంది ఇక్కడే క్రాకెన్‌లో చరిత్ర దొరకదని వదిలేస్తారు. కానీ క్రాకెన్ తన సహాయ పేజీల్లో పూర్తి చరిత్రను పెద్ద జిప్‌గా ఇస్తుంది, మూడు నెలలకోసారి కొత్త భాగం జోడిస్తుంది. అందులో బిట్‌కాయిన్‌ను ఎక్స్‌బీటీ అని వెతకాలి. ఇంకో తేడా: లావాదేవీ జరగని నిమిషానికి క్రాకెన్ ఫైల్లో వరుసే ఉండదు. బైనాన్స్‌లో అలాంటి నిమిషానికి నాలుగు ధరలూ ఒకటే, వాల్యూమ్ సున్నా అయిన వరుస ఉంటుంది. కాబట్టి క్రాకెన్‌లో వరుస లేకపోతే ఎవరూ కొనలేదని, బైనాన్స్‌లో వరుస లేకపోతే చాలావరకు ఎక్స్ఛేంజే ఆగిందని అనుకోవాలి. ఒకే రంధ్రానికి రెండు చోట్ల రెండు అర్థాలు.

కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజ్ ఒక్కో అభ్యర్థనకు 300 క్యాండిల్స్ ఇస్తుంది. నిమిషం లెక్కన అయిదు గంటలు, ఏడాదికి 1752 అభ్యర్థనలు. కొత్తది పైన, పాతది కింద వస్తుంది. అసలు ఇబ్బంది కాలమ్‌ల క్రమం: సమయం, లో, హై, ఓపెన్, క్లోజ్, వాల్యూమ్. బిట్‌ఫినెక్స్ క్రమం ఇంకోటి: సమయం, ఓపెన్, క్లోజ్, హై, లో, వాల్యూమ్. అన్నిటికీ ఓపెన్, హై, లో, క్లోజ్ అని పేర్లు పెట్టేస్తే చార్టు దూరం నుంచి బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగూ దగ్గర దగ్గర అంకెలే. హై అన్నది ఓపెన్, క్లోజ్ రెండింటికన్నా తక్కువ కాకూడదు, లో అన్నది రెండింటికన్నా ఎక్కువ కాకూడదు. ఈ ఒక్క పరీక్ష అన్ని వరుసల మీదా నడిపితే క్రమం తప్పు వెంటనే బయటపడుతుంది. చాలా ఎక్స్ఛేంజ్‌ల ఏపీఐలను ఒకే తీరులో పిలిచే సీసీఎక్స్‌టీ లైబ్రరీ వాడితే క్రమాన్ని అదే సర్దుతుంది. అయితే అది ఎక్స్ఛేంజ్ పెట్టిన పరిమితిని పెంచలేదు. క్రాకెన్‌లో 720 అంటే అక్కడా 720.

2017కు ముందు బిట్‌కాయిన్ కావాలంటే బిట్‌స్టాంప్. అది 2011 నుంచి ఉంది, ఏపీఐ ఒక్కో అభ్యర్థనకు 1000 క్యాండిల్స్ ఇస్తుంది. 2015 జనవరి 5 నుంచి 9 వరకు హ్యాకింగ్ వల్ల మూసి ఉంది కాబట్టి అక్కడ ఖాళీ సహజమే. ఒకప్పటి ఎక్స్ఛేంజ్ మౌంట్ గాక్స్ డేటా కూడా పాత సేకరణల్లో కనిపిస్తుంది. 2013 మధ్య నుంచి అక్కడ డాలర్లు వెనక్కి తీసుకోవడం కష్టమై, బిట్‌కాయిన్ ధర మిగతా చోట్లకన్నా ఎత్తులో ఉండేది. ఆ ధరల మీద వ్యూహం పరీక్షిస్తే వచ్చే లాభం చేతికందని లాభం. 2011 జూన్ 19న అక్కడ ధర ఒక సెంటుకు పడిన సంగతి సరేసరి. నా మటుకు 2017కు ముందు డేటాను వ్యూహం దిశ చూడటానికే వాడతాను, అంకెలు నమ్మడానికి కాదు.

ఇతరులు తయారు చేసి పెట్టిన సీఎస్‌వీలు (కామాలతో విడదీసిన పట్టిక ఫైళ్లు) తొందరలో బాగా అక్కరకొస్తాయి. క్రిప్టోడేటాడౌన్‌లోడ్ ఫైళ్లలో మొదటి వరుస సైటు చిరునామా, దాన్ని దాటించి చదవాలి. క్రమం కొత్తది పైన. క్రమం తిరగేయకుండా బ్యాక్‌టెస్ట్ నడిపితే కాలం వెనక్కి నడుస్తుంది. కదిలే సగటు వ్యూహాలు అప్పుడు కూడా ఏదో ఒక ఫలితం చూపిస్తాయి, అదే చిక్కు.

ఎక్సెల్ గురించి ఒక్క మాట. దాని షీట్‌లో పట్టేది 10,48,576 వరుసలు. రెండేళ్ల నిమిషం డేటా 10,51,200. చివరి రెండు వేల పైచిలుకు వరుసలు రాలిపోతాయి. అంతకన్నా చెడ్డ పని, 13 అంకెల టైమ్‌స్టాంప్‌ను కుదించి చూపించి, సేవ్ చేస్తే ఆ కుదించిన అంకెనే సీఎస్‌వీలో రాస్తుంది. ముడి ఫైలును ఎక్సెల్‌లో తెరిచి చూడొచ్చు, సేవ్ మాత్రం చేయకూడదు.

ఇప్పుడు తనిఖీ. అన్ని ఫైళ్లూ కలిపి సమయం ప్రకారం పేర్చి, ఒకే సమయం రెండుసార్లు వచ్చిన వరుసలు తీసేశాక, పక్కపక్క వరుసల మధ్య తేడా ఖచ్చితంగా 60 సెకన్లు ఉందా అని చూస్తాను. లేని చోట్ల జాబితా విడిగా రాసుకుంటాను. బైనాన్స్ స్పాట్‌లో 2018 ఫిబ్రవరి 8, 9 తేదీల్లో ఒక పూర్తి రోజుకు పైగా ఖాళీ ఉండాలి, అప్పుడు ఎక్స్ఛేంజ్ మూతపడింది. 2023 మార్చి 24న కూడా స్పాట్ ఆగి యూటీసీ 14:00కి తెరుచుకుంది. మీ దగ్గరున్న ఫైల్లో ఈ ఖాళీలు లేవంటే సంతోషించకండి, ఎవరో పూడ్చారు. పూడ్చిన ధరల మీద సాఫ్ట్‌వేర్ కొనేస్తుంది, అమ్మేస్తుంది. నిజానికి ఆ సమయంలో ఎవరూ ఏమీ చేయలేకపోయారు. నేను ఖాళీలను ముందరి క్లోజ్‌తో నింపి, వాల్యూమ్ సున్నా పెట్టి, ఇది నింపిన వరుస అని ఒక అదనపు కాలమ్‌లో గుర్తు పెడతాను. ఆ గుర్తు ఉన్న నిమిషంలో ఆర్డర్ పెట్టకూడదని వ్యూహంలో రాస్తాను. ఫ్రీక్‌ట్రేడ్ అనే ఉచిత ట్రేడింగ్ బాట్ ఖాళీలను తనే నింపి, ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అని లాగ్‌లో చెబుతుంది. ఆ పంక్తి చదవకుండా దాటేయొద్దు.

రెండో తనిఖీ నాకు ఎక్కువ ఇష్టం. నిమిషం డేటా నుంచి రోజు క్యాండిల్స్ తయారు చేసి, ఎక్స్ఛేంజ్ ఇచ్చిన రోజు ఫైలుతో పోల్చాలి. ఓపెన్ మొదటిది, హై అన్నిట్లో పెద్దది, లో అన్నిట్లో చిన్నది, క్లోజ్ చివరిది, వాల్యూమ్ మొత్తం. ధరలు నాలుగూ అచ్చుగుద్దినట్టు కలవాలి. ఒక రోజు కలవకపోతే ఆ రోజులో నిమిషాలు పోయాయి, లేదా సమయం జరిగింది. అన్ని రోజులూ కలవకపోతే కాలమానం తప్పు.

కాలమానం గురించి మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. రోజు క్యాండిల్ యూటీసీ అర్ధరాత్రికి, అంటే మన ఉదయం 5:30కి ముగుస్తుంది. మన సమయం యూటీసీకి అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంటే కొంప ముంచుతుంది. నిమిషం డేటాను ముందు భారత కాలమానానికి మార్చి, ఆ తర్వాత గంట క్యాండిల్స్ చేస్తే, 10:00 నుంచి 11:00 వరకు మీరు చేసిన క్యాండిల్ ప్రపంచంలో ఇంకెవరి చార్టులోనూ ఉండదు. వాళ్ల గంట మన 9:30కి మొదలై 10:30కి ముగుస్తుంది. లెక్కలన్నీ యూటీసీలో చేసి, తెర మీద చూపేటప్పుడే మన సమయానికి మార్చాలి. అమెరికాలో ఉండి స్థానిక సమయంతో దాచుకునేవాళ్లకు నవంబర్‌లో ఒక గంట రెండుసార్లు వస్తుంది, మార్చిలో ఒక గంట ఉండనే ఉండదు. మొదటిదాన్ని నకలు అనుకుని కోడ్ తీసేస్తే నిజం డేటా పోతుంది.

సమయంతో ముడిపడిన ఇంకో మోసం, క్యాండిల్ పేరు మొదలైన సమయంతో ఉండటం. 10:00 గంట క్యాండిల్ క్లోజ్ 11:00కి కానీ తెలియదు. దాన్ని నిమిషం డేటాతో కలిపేటప్పుడు 10:00కు అతికిస్తే సాఫ్ట్‌వేర్‌కు గంట తర్వాతి ధర ముందే తెలిసిపోతుంది. బ్యాక్‌టెస్ట్ గీత కొండెక్కినట్టు నిటారుగా కనిపిస్తే నేను ముందు అనుమానించేది ఈ కలపడాన్నే. ఏపీఐ ఇచ్చే చివరి క్యాండిల్ కూడా ఇంకా పూర్తికానిదే. ముగింపు సమయం దాటిందో లేదో చూసి, దాటకపోతే వదిలేయాలి.

నాణేల పేర్లు మారడం క్రిప్టోకే ప్రత్యేకమైన బెడద. బైనాన్స్‌లో లూనా-యూఎస్‌డీటీ జత 2022 మే 13న ఆగింది, అప్పటికి ధర సెంటులో ఎన్నో వంతు. మే 31న అదే పేరుతో కొత్త నాణెం మొదలైంది, డాలర్లలో. ఫైలు పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకే వరుసలో వస్తాయి. మే నెల రెండో వారంలో కొన్న వ్యూహానికి లక్షల శాతం లాభం రాసేస్తుంది సాఫ్ట్‌వేర్. పాత నాణెం లంక్ పేరుతో వేరేచోట బతికింది. మ్యాటిక్ 2024 సెప్టెంబర్‌లో పోల్ అయింది, ఇక్కడ ఉల్టా: ఒకే కథ రెండు ఫైళ్లలో. జత పేరు, మొదటి తేదీ, చివరి తేదీ, దేనికి కొనసాగింపు అన్న నాలుగు కాలమ్‌ల చిన్న పట్టిక చేత్తో రాసుకోక తప్పదు. ఆర్కైవ్‌లో తొలగించిన జతలు కూడా ఉండటం గొప్ప మేలు. ఇవాళ జాబితాలో ఉన్నవాటితోనే పరీక్షిస్తే, చచ్చిపోయిన నాణేలను మీ వ్యూహం ఎన్నడూ కొననట్టే ఉంటుంది.

పొడవాటి వత్తులు ఎప్పుడూ తప్పుడు డేటా కాదు. 2017 జూన్ 21న కాయిన్‌బేస్‌కు చెందిన జీడాక్స్‌లో ఈథర్ 300 డాలర్ల పై నుంచి 10 సెంట్లకు పడింది. 2021 అక్టోబర్ 21న బైనాన్స్ యూఎస్‌లో బిట్‌కాయిన్ 8,200 డాలర్లు తాకింది. రెండూ నిజం లావాదేవీలే. వీటిని చెరిపేస్తే నిజంగా తగిలిన స్టాప్‌లాస్‌ను దాచినట్టు. ఉంచితే, 10 సెంట్లకు కొని కోటీశ్వరుడైన వ్యూహం వస్తుంది. అదే నిమిషంలో ఇంకో ఎక్స్ఛేంజ్ చూసి, తేడా 10 శాతం దాటితే గుర్తు పెడతాను. ఆ నిమిషంలో అమ్మకం తగిలితే తగిలిందనే లెక్క, కొనుగోలు తగిలితే తగల్లేదనే లెక్క. అన్యాయంగా కనిపించినా చేతి సొమ్ముకు ఈ పక్షపాతమే మంచిది. యూఎస్‌డీసీతో ఉన్న జతల్లో 2023 మార్చి 11న కనిపించే ఎత్తు కూడా బిట్‌కాయిన్ పెరిగి కాదు, ఆ నాణెం 88 సెంట్ల దాకా జారి.

ఫ్యూచర్స్ పరీక్షించేవాళ్లు ఆర్కైవ్ నుంచి మార్క్ ప్రైస్ క్లైన్స్, ఫండింగ్ రేటు ఫైళ్లు కూడా దించుకోవాలి. లిక్విడేషన్ (పూచీ సొమ్ము చాలనప్పుడు ఎక్స్ఛేంజే మీ పొజిషన్‌ను మూసేయడం) చివరి లావాదేవీ ధర మీద కాదు, మార్క్ ధర (ఎక్స్ఛేంజ్ లెక్కగట్టే సరసమైన ధర) మీద జరుగుతుంది. బీటీసీ వంటి ప్రధాన జతలకు ఫండింగ్ (కొన్నవైపు, అమ్మినవైపు ఒకరికొకరు చెల్లించుకునే సొమ్ము) ఎనిమిది గంటలకోసారి: మన సమయంలో ఉదయం 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30.

రూపాయి జతలు కావాలంటే భారతీయ ఎక్స్ఛేంజ్ కాయిన్‌డీసీఎక్స్ పబ్లిక్ క్యాండిల్ ఏపీఐ ఉంది, ఒక్కో అభ్యర్థనకు 1000. జత పేరు ముందు ఐ అక్షరం ఉంటే వాళ్ల సొంత మార్కెట్, బీ ఉంటే బైనాన్స్ మార్కెట్. ఇది చూడకుండా తెస్తే రూపాయి మార్కెట్ అనుకుంటూ బైనాన్స్ డేటానే పరీక్షిస్తుంటారు. ఇంకో భారతీయ ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ డేటాలో 2024 జూలై 18 హ్యాకింగ్ తర్వాత ఏడాదికి పైగా మార్కెట్ లేదు. డాలర్ జత ధరను బ్యాంకు మారకం రేటుతో గుణించి రూపాయి ధర అనుకోవడం కూడా కుదరదు, ఇక్కడ యూఎస్‌డీటీ తరచూ బ్యాంకు డాలర్ కన్నా ఎక్కువ ధరకు నడుస్తుంది. ఖర్చుల గడిలో ఎక్స్ఛేంజ్ రుసుముతో పాటు, 2022 జూలై 1 నుంచి ఉన్న 1 శాతం టీడీఎస్ కూడా పెట్టండి. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటయ్యేదే కానీ, అప్పటిదాకా చేతిలో తిరగదు. లాభనష్టాలు లేవనుకున్నా 100 అమ్మకాల తర్వాత తిరిగే సొమ్ము మొదటిదాంట్లో 37 శాతానికి లోపే.

చార్టులు, బ్యాక్‌టెస్ట్‌ల సాఫ్ట్‌వేర్ అమీబ్రోకర్‌లో నిఫ్టీకి సర్దిన డేటాబేస్‌లోకి క్రిప్టో ఎక్కిస్తే చాలా క్యాండిల్స్ కనపడవు. డేటా పోలేదు, ఇంట్రాడే సెట్టింగ్స్‌లో 9:15 నుంచి 3:30 వరకు అన్న వడపోత పనిచేస్తోంది. 24 గంటల ట్రేడింగ్ ఎంచుకుని, శని ఆదివారాలు తీసేసే టిక్కు కూడా తీసేయాలి. బేస్ వ్యవధి ఒక నిమిషం, బార్ల సంఖ్య మీ మొత్తం వరుసలకన్నా ఎక్కువ పెట్టాలి. తక్కువ పెడితే పాతవి చెప్పకుండా రాలిపోతాయి. క్రిప్టోకు కొత్త డేటాబేస్ విడిగా చేసుకోవడమే సుఖం. షార్ప్ నిష్పత్తిని (ఒడిదుడుకులతో పోల్చి లాభాన్ని కొలిచే అంకె) ఏడాదికి లెక్కించేటప్పుడు 252 రోజులు కాదు, 365. ఆ ఒక్క అంకె ఫలితాన్ని 20 శాతం మారుస్తుంది. ఫ్రీక్‌ట్రేడ్ వాళ్లకు డౌన్‌లోడ్-డేటా కమాండ్ చాలు. ఉన్న డేటాకు ముందరి తేదీలు కావాలంటే ప్రిపెండ్ అనే మాట జోడించాలి, లేకపోతే ముందుకే తెస్తుంది.

ముడి జిప్‌లను ఒక ఫోల్డర్లో ముట్టుకోకుండా ఉంచి, శుభ్రం చేసినదాన్ని పార్కే అనే కుదించిన ఫైలు రూపంలో ఇంకో ఫోల్డర్లో రాస్తాను. సీఎస్‌వీ కన్నా చాలా తక్కువ చోటు, చదవడం వేగం. రోజూ కొత్త ఫైలు జోడించేటప్పుడు చివరి రెండు రోజులను మళ్లీ తెచ్చి పాతవాటితో పోలుస్తాను. ఆర్కైవ్‌లో పాత నెలల ఫైళ్లను సవరించి మళ్లీ పెట్టిన సందర్భాలు ఉన్నాయి. అందుకని మూడు నెలలకోసారి చెక్‌సమ్ ఫైళ్లు మాత్రమే దించి, నా దగ్గరున్నవాటితో పోల్చి, మారిన నెలలే మళ్లీ తెస్తాను. చెక్‌సమ్ ఫైలు వంద బైట్ల చిల్లరే కాబట్టి మూడు వందల జతలకైనా పెద్ద పని కాదు.